వాడి పేరు కౌశిక్

మార్చి 3, సోమవారం
పొద్దున 152/96. సాయంత్రం 148/94.
డాక్టర్ శశికళ గారు ఈ నోట్‌బుక్కు నా చేతిలో పెట్టి రోజూ రెండు పూటలా బీపీ చూసి రాయమన్నారు. అంకెల పక్కన ఆ రోజు ఏం జరిగిందో ఒక ముక్క రాయాలట. "జరిగేదేముందండీ, ఆఫీసు, ఇల్లు" అన్నాను. "అదే రాయండి" అన్నారు. ఆవిడకి అంకెలు మాత్రం వేరే కాగితం మీద ఎక్కించి ఇస్తాను. ఈ పుస్తకం ఎవరికీ చూపించను.
ఆఫీసు. ఇల్లు.

మార్చి 4, మంగళవారం
150/94. 144/92. ఆఫీసు. ఇల్లు.

మార్చి 6, గురువారం
149/94. 155/96.
మా ఆవిడ ఉమకి నా మీద ఇంకా కోపం తగ్గలేదు. సోమవారం క్లినిక్‌లో డాక్టర్ గారు ఆమెని "మీ ఇంట్లో ఉప్పు ఎక్కువ వాడతారా?" అని అడిగారు. నేను "లేదండీ, చాలా తక్కువ" అన్నాను. అంతే. కారెక్కిన దగ్గర్నుంచీ ఒకటే సాధింపు. "అడిగింది నన్ను. మూడు రకాల ఊరగాయలు పెట్టేది నేను. ప్రశ్న ఎవరిదైనా జవాబు మాత్రం మీదేనా?"
ముప్పై ఏళ్లుగా ఇదే అలవాటట నాకు. ఆవిడ మాట్లాడేలోపు టైము వేస్టవుతుందని చెప్తాను, అంతకంటే ఏమీ లేదు.

మార్చి 9, ఆదివారం
పొద్దున 147/92. సాయంత్రం 161/99.
వేసవి టైము మొదలైంది, గడియారాలు గంట ముందుకి జరిపాను. ఓవెన్ మీద ఉన్నది ఎలా మార్చాలో వాడికి తెలుసు, నాకు తెలీదు. అలాగే వదిలేశాను.
మధ్యాహ్నం ఉమ గరాజ్‌లోకి వెళ్లి, కారులో కూర్చుని, అద్దాలు ఎక్కించుకుని ఫోన్ మాట్లాడింది. ఎవరితోనో నాకు తెలుసు. మా అబ్బాయి కౌశిక్‌తో. వాడు ఉండేది బాల్టిమోర్‌లో. మేముండే షాంటిలీ నుంచి కారులో గంటంబావు. ఏడు నెలలుగా ఈ ఇంటి గడప తొక్కలేదు. నాకేమీ పట్టదు.
లోపలికొచ్చి ఫ్రిజ్ తలుపు తీసి, ఫ్రిజ్‌తో చెప్పినట్టు చెప్పింది. "ఏప్రిల్ ఆరున డీసీలో ప్రోగ్రాం అట. జపాన్ నుంచి నాలుగు బ్యాండ్లు వస్తున్నాయట. పెద్ద కంపెనీలవి కావు, వాళ్లంతట వాళ్లు పాటలు కట్టుకుని పాడుకునేవాళ్లట. సౌండ్ అంతా మనవాడేనట."
నేను పేపర్ చదువుతున్నాను.

మార్చి 10, సోమవారం
158/97. 154/96.
వాడు కాలేజీలో జపనీస్ నేర్చుకుంటున్నానంటే ఎంత సంతోషించాను! కార్ల కంపెనీల్లో మంచి ఉద్యోగాలుంటాయని పదిమందికి చెప్పాను. ఆ జపనీస్ చివరికి దేనికి పనికొచ్చింది? గిటార్లు మోసుకుంటూ వ్యాన్ తోలడానికి.
రెండేళ్లు కన్సల్టింగ్ ఉద్యోగం బాగానే చేశాడు. ఒకరోజు మానేశానన్నాడు. అదైనా ఓర్చుకున్నాను. ఆగస్టులో మా ఆఫీసు మోహన్ వాళ్ల గృహప్రవేశంలో నలభై మంది ముందు నా పరువు తీసి, అన్నం ప్లేటు అక్కడే పెట్టేసి వెళ్లిపోయాడు. తప్పెవరిది? ఈ పుస్తకం ఎవరూ చదవరు కాబట్టి నిజాయితీగానే రాస్తున్నాను. తప్పు వాడిదే.

మార్చి 15, శనివారం
151/95. 150/95.
ఊరికే ఆ ప్రోగ్రాం ఎక్కడో చూద్దామని కంప్యూటర్ తెరిచాను. పోస్టర్ దొరికింది. నాలుగు బ్యాండ్ల పేర్లు పెద్ద అక్షరాల్లో ఉన్నాయి. అందులో ఒకదాని పేరు యూగురే లాండ్రీ. బట్టలుతికే కొట్టు పేరు పెట్టుకుని పాటలు పాడతారట! అట్టడుగున చీమ తలకాయంత అక్షరాల్లో "సౌండ్: కౌశిక్" అని ఉంది. మూడింతలు పెద్దది చేసి చూశాను. స్పెల్లింగ్ సరిగ్గానే వేశారు.

మార్చి 17, సోమవారం
149/93. 146/92.
ఆఫీసు ప్రింటర్ మీద ఆ పోస్టర్ ఒక కాపీ తీశాను. కొత్త ప్రింటర్‌లో రంగులెలా వస్తాయో చూద్దామని.

మార్చి 18
151/94. 147/92. ఆఫీసు. ఇల్లు.

మార్చి 23, ఆదివారం
145/92. సాయంత్రం చూసుకోలేదు.
పదో తేదీన రాసింది మళ్లీ చదివాను. నిజాయితీగా అని రాశానుగాని, సగమే రాశాను. మిగతాది ఇదీ.
మోహన్ వాడిని అడిగాడు, "ఏం చేస్తున్నావ్ బాబూ ఇప్పుడు?" అని. వాడు నోరు తెరిచేలోపు నేను "మాస్టర్స్‌కి అప్లై చేస్తున్నాడు" అన్నాను. వాడు "లేదు అంకుల్, బ్యాండ్స్‌కి సౌండ్ మిక్స్ చేస్తున్నాను" అన్నాడు. మర్యాదగానే అన్నాడు. నేను నవ్వి, వాడి భుజం మీద చెయ్యి వేసి, "మా నాని ఇంకా చిన్నపిల్లాడండీ, వాడి మాటలు పట్టించుకోకండి" అన్నాను. అందరూ నవ్వారు. వాడికప్పుడు ఇరవై నాలుగేళ్లు.
"నా పేరు కౌశిక్, నాన్నా. నువ్వే పెట్టావు ఆ పేరు. డోంట్ కాల్ మీ నాని" అన్నాడు. మెల్లగానే అన్నాడు. ప్లేటు కిటికీ గట్టు మీద పెట్టాడు. అందులో పూర్ణంబూరె ముట్టుకోకుండా అలాగే ఉంది.
నాని అన్నది పురుటికి వచ్చిన మా అత్తగారు పెట్టిన ముద్దుపేరు. భీమవరంలో ఇంటికొక నాని ఉంటాడు. ఇరవై నాలుగేళ్లు రోజుకి పదిసార్లు పిలిచి ఉంటాను. వద్దన్నాడుగా, ఆ రోజు నుంచీ ఆ మాట నా నోటి వెంట రాలేదు. కౌశిక్ అని పిలిచే అవసరమూ రాలేదు.

మార్చి 30, ఆదివారం. ఉగాది
148/94. 143/91.
వేపపువ్వు దొరకలేదు. ఉమ పచ్చడిలో కాకరకాయ తరిగి వేసింది. ఓవెన్ గడియారం ఇంకా గంట వెనకే ఉంది.

ఏప్రిల్ 4, శుక్రవారం
153/95. 157/97.
ఉమ ఆదివారానికి రెండు టికెట్లు కొనేసింది, నన్నడగకుండా. రానని చెప్పాను. సరే అంది. అంత తేలిగ్గా ఆవిడ ఎప్పుడూ సరే అనలేదు.

ఏప్రిల్ 5, శనివారం
155/96. 159/98.
ఉమకి హఠాత్తుగా మోకాలి నొప్పి. నిన్న సాయంత్రం దాకా లేదు. "నేను నిలబడలేను. మీరు వెళ్తే వెళ్లండి, లేకపోతే టికెట్లు పారేయండి" అంది. పారేయడం నాకు ఇష్టం ఉండదని ఆవిడకి తెలుసు.
చూస్తాను.

ఏప్రిల్ 6, ఆదివారం. శ్రీరామనవమి
పొద్దున 158/98.
ఇప్పుడు సాయంత్రం ఏడు. డైనింగ్ టేబుల్ దగ్గర కూర్చున్నాను. వరసగా రాస్తాను, లేకపోతే కలగాపులగం అయిపోతుంది.
ప్రోగ్రాం ఒంటిగంటకి. ఒక పాత గోడౌన్‌ని హాలుగా మార్చారు. నేను ఇస్త్రీ చొక్కా టక్ చేసుకుని, ఆఫీసు బూట్లు వేసుకుని వెళ్లాను. నన్ను చూసి క్యూలో ఇద్దరు కుర్రాళ్లు పక్కకి తప్పుకుని దారి ఇచ్చారు. ఫైర్ సేఫ్టీ ఇన్‌స్పెక్టర్ అనుకున్నట్టున్నారు. గేటు దగ్గరావిడ ఐడీ చూపించమంది. ఈ తెల్ల జుట్టు పెట్టుకుని నేను ఇరవై ఒక్కేళ్లు నిండిన రుజువు చూపించాను. ముంజేతి మీద చేప బొమ్మ ముద్ర వేసి, రెండు నారింజ రంగు ముక్కలు చేతిలో పెట్టింది. చప్పరించే బిళ్లలనుకుని ఒకటి నోటి దాకా తీసుకెళ్లాను.
"నో నో అంకుల్, అవి చెవుల్లో పెట్టుకునేవి, మోత తగ్గడానికి!" అంది వెనకనున్న అమ్మాయి. నేను ఉమతో ఫోన్‌లో తెలుగులో మాట్లాడటం విందట. పేరు ఇషా, కాలేజీలో చదువుతోంది. "మీరు ఏ బ్యాండ్ కోసం వచ్చారు అంకుల్?"
"సౌండ్ కోసం" అన్నాను.
ఆ అమ్మాయికి అది చాలా గొప్ప జవాబులా తోచింది. నన్ను వదల్లేదు.
మొదటి బ్యాండు ముగ్గురు కుర్రాళ్లు. ముగ్గురూ ఒకే రకం నీలం రంగు ఫ్యాక్టరీ యూనిఫాం వేసుకున్నారు. ఆ మోతకి నా దవడ పంటిలో సిమెంటు కదిలినంత పనైంది. అయిపోగానే ముగ్గురూ నడుం వంచి, స్కూలు పిల్లల్లా దణ్ణం పెట్టి, డ్రమ్ములు వాళ్లే మోసుకుని వెళ్లిపోయారు. రెండోది ఒక్కడే మనిషి, ఒడిలో చిన్నపిల్లలు ఆడుకునే కీబోర్డు. బాగుంది. మూడోది ఎలా పాడారో నాకు తెలీదు. అప్పటికి వాడు కనిపించాడు.
హాలు వెనక ఎత్తు మీద, కంచె లాంటి దాని వెనక, వందల మీటలున్న బల్ల ముందు నిలబడి ఉన్నాడు. చిక్కాడు. గడ్డం పెంచాడు. హెడ్‌ఫోన్ ఒక చెవి మీద, ఇంకో చెవి ఖాళీ. వేళ్లు మీటల మీద కొంచెం కొంచెంగా కదులుతున్నాయి. చిన్నప్పుడు లెగోలు ఆడేటప్పుడు నాలిక కొస బయట పెట్టేవాడు. ఇప్పుడూ పెడుతున్నాడు. నేను ఒక స్తంభం వెనక నిలబడ్డాను. కాళ్లు నొప్పి పుడితే ఆనుకోవడానికి ఉంటుందని.
ఆఖరున లాండ్రీ వాళ్లు వచ్చారు. నలుగురు. పాడేది ఒక చిన్న మనిషి, ఆవిడ కంటే గిటారే పెద్దదిగా ఉంది. మొదటి పాట బాగానే సాగింది. రెండోది మొదలుపెట్టి, సగంలో ఆపేసింది. కాళ్ల దగ్గరున్న స్పీకర్ వైపు చూసింది. చెవి దగ్గర చెయ్యి పెట్టుకుంది. తర్వాత మా అందరి తలల మీదుగా వెనక్కి, సరిగ్గా వాడి వైపు చూసింది. వాడు చేతులతో ఏదో సైగ చేశాడు.
"ఏ? నాని?" అంది మైకులో.
నేను ఆనుకున్న స్తంభం వదిలి నిటారుగా నిలబడ్డాను.
వాడు మళ్లీ సైగ చేశాడు. ఆవిడ నవ్వుతూ ఇంకా గట్టిగా "నాని? నాని?" అంది. జనానికి సరదా పుట్టింది. నలుగురైదుగురు కుర్రాళ్లు నవ్వుతూ "నాని! నాని!" అని అందుకున్నారు.
నాకు ఏం తోచిందో ఉన్నదున్నట్టు రాస్తున్నాను. నలుగురిలో ఆ పేరు వద్దని నా కొడుకు ప్లేటు వదిలేసి వెళ్లిపోయాడు. మళ్లీ నలుగురిలో ఆ పేరే పెట్టి నవ్వుతున్నారు. ఈసారి వాడు బల్ల వదిలి వెళ్లలేడు, పనిలో ఉన్నాడు. అది తప్ప నాకింకేం తోచలేదు. స్తంభం వెనక నుంచి ముందుకొచ్చి, చెయ్యెత్తి, గొంతు చించుకుని అరిచాను.
"హిజ్ నేమ్ ఈజ్ కౌశిక్!"
సరిగ్గా ఆ క్షణానికి హాలంతా నిశ్శబ్దంగా ఉంది. నా ఖర్మ.
రెండు వందల మంది నా వైపు తిరిగారు. పాడే ఆవిడ కళ్ల మీద చెయ్యి అడ్డం పెట్టుకుని నన్ను వెతికి పట్టుకుంది. "కౌశిక్-సాన్?" అంది. వెనక్కి చూసి, మళ్లీ నన్ను చూసి, "పాపా?" అంది, నాన్నవా అన్నట్టు. నేను తలాడించాను. ఆవిడ గిటారు ఒక చేత్తో పట్టుకుని నడుం దాకా వంగి నాకు నమస్కారం చేసింది. మిగతా ముగ్గురూ చేశారు. ఏం చెయ్యాలో తెలీక నేనూ వంగాను. హాలంతా "కౌ-శిక్! కౌ-శిక్!" అని అరవడం మొదలుపెట్టింది.
వెనక్కి తిరిగి చూశాను. వాడు రెండు చేతుల్తో మొహం కప్పుకుని ఉన్నాడు. నవ్వుతున్నాడో, ఇంకేమైనానో తెలీలేదు. తర్వాత ఒక చెయ్యి తీసి ఏదో మీట జరిపాడు. స్టేజీ మీద ఆవిడ బొటనవేలు పైకెత్తింది. పాట మళ్లీ మొదలైంది.
"అంకుల్" అంది ఇషా నా చెవిలో, నవ్వు ఆపుకోలేక. "నాని అంటే జపనీస్‌లో 'వాట్?' అని. ఆమెకి ఆమె వాయిస్ వినపడలేదు. అందుకే కౌశిక్‌ని అడిగింది, ఏంటి, ఏంటి అని."
నేల చీలితే అందులోకి దిగిపోదామనిపించింది. కారు తాళాలు జేబులోంచి బయటికి తీశాను కూడా.
"మరి సాన్ అంటే?"
"అది రెస్పెక్ట్, అంకుల్. మన 'గారు' లాగ."
కౌశిక్ గారు. అంతమంది ముందు నేను చిన్నపిల్లాడన్న మనిషిని సముద్రం దాటి వచ్చినవాళ్లు గారు అంటున్నారు.
తాళాలు మళ్లీ జేబులో వేసుకున్నాను. ఆ పాట చివర్లో అన్ని వాయిద్యాలూ మోగుతుండగా ఆవిడ దాదాపు గుసగుసగా పాడింది. అంత మోతలోనూ ఆ గుసగుస నేనున్న చోటికి స్పష్టంగా వచ్చింది. ఒక్క మాట అర్థం కాలేదు, ఒక్క మాట తప్పిపోనూ లేదు. "అదే అంకుల్, కౌశిక్ చేసేది అదే" అంది ఇషా. నాకు గర్వం కలిగింది. ఇంకో పేరు పెట్టను దానికి. వాడు పుట్టినరోజున కలిగినంత గర్వం.
అయిపోయాక వెంటనే రాలేకపోయాడు, పనుంది. నేనే వెళ్లాను. స్టేజీ మీద మోకాళ్ల మీద కూర్చుని వైర్లు చుడుతున్నాడు. నన్ను చూసి లేచాడు. ఏడు నెలల తర్వాత కొడుకుతో మొదటి మాట ఏమనాలో దారంతా ఆలోచించుకున్నాను. నోట్లోంచి వచ్చింది మాత్రం ఇది: "అమ్మకి మోకాలు నొప్పి."
"అమ్మ గుళ్లో కల్యాణం దగ్గరుంది నాన్నా. లైన్‌లో నిలబడి సెల్ఫీ పంపింది."
ఇద్దరం ఒకేసారి నవ్వేశాం. చేతులు ఊరికే ఉండలేక నేను ఒక వైరు అందుకుని, పెరట్లో నీళ్ల గొట్టం చుట్టినట్టు మోచేతి చుట్టూ చుట్టడం మొదలుపెట్టాను.
"అలా కాదు. లోపల మెలిపడిపోతుంది" అన్నాడు. "ఒక చుట్టు ఇలా పైనుంచి, ఒక చుట్టు ఇలా కిందనుంచి. అప్పుడు విసిరితే ముడి పడదు. చూడు."
చూశాను. నాలుగోసారికి వచ్చింది.
"తెలీక అరిచాను. అందరిలో నీ పరువు తీశాను" అన్నాను.
"ఆగస్టులో నలభై మంది. ఇవాళ టూ హండ్రెడ్" అన్నాడు. ఇంకో వైరు నా వైపు తోసి, "బట్ ఈసారి కరెక్ట్ పేరు చెప్పావ్" అన్నాడు.
నేను వైరు చుడుతున్నాను. పైనుంచి ఒకటి, కిందనుంచి ఒకటి.
"నాన్నా, నీకొకటి చెప్పలేదు. కాలేజ్‌లో ఫస్ట్ వీక్. తప్పు రూమ్‌లోకి వెళ్లి కూర్చున్నా, అది జపనీస్ క్లాస్. ప్రొఫెసర్ ఎవరినో 'నాని?' అంది. నేను 'ఆఁ, ఏంటి?' అన్నా, గట్టిగా, తెలుగులో. క్లాస్ మొత్తం నవ్వారు. ఐ వాజ్ సో హోమ్‌సిక్ అప్పుడు. రోజూ ఎవరో ఒకరు నాని అంటారు కదా అని ఆ క్లాస్‌లోనే ఉండిపోయా."
కళ్లు తుడుచుకోవడానికి కళ్లజోడు తీశాను. "నేను కార్ల కంపెనీ కోసమనుకున్నాను" అన్నాను.
"తెలుసు. ఎందుకని నువ్వు అడగలేదు."
కోపంగా అనలేదు. వాతావరణం గురించి చెప్పినట్టు చెప్పాడు. అందుకే గుచ్చుకుంది.
"ఇప్పుడు నిన్ను ఏమని పిలవాలి?" అని అడిగాను. నిజంగా అడిగాను. జవాబు నేను చెప్పలేదు.
చేతిలో వైరు చివరిదాకా చుట్టి పక్కన పెట్టాడు. "బయట కౌశిక్. ఇంట్లో అయితే నాని ఓకే."
అంటే ఇంటికొస్తాడన్నమాట. ఎప్పుడని అడిగేలోపు తలుపు దగ్గర నుంచి "కౌశిక్-సాన్!" అని పిలిచారు. వ్యాన్ రిచ్‌మండ్ వెళ్లాలట, అక్కణ్ణుంచి అట్లాంటా. రెండడుగులు వేసి వెనక్కొచ్చి, నన్ను గట్టిగా పట్టుకుని, పరుగెత్తాడు.
ఇంటికొచ్చేసరికి ఉమ పానకం, వడపప్పు పెట్టింది. "మోకాలెలా ఉంది?" అన్నాను. "రాముడి దయవల్ల తగ్గిపోయింది" అంది, నా కళ్లలోకి చూస్తూ.
సాయంత్రం 132/84. మిషన్ పాడైందేమోనని మళ్లీ చూశాను. 130/84.

ఏప్రిల్ 7, సోమవారం
134/86. 131/84.
స్నానం చేసేటప్పుడు ఎడమ చెయ్యి నీళ్లకి దూరంగా పెట్టుకున్నాను. చేప బొమ్మ ఉంది. మీటింగులో మోహన్ చూసి "ఏంటది, టాటూనా?" అన్నాడు.
"కాదు. మావాడి ప్రోగ్రాంకి వెళ్లాను. బ్యాండ్స్‌కి సౌండ్ మిక్స్ చేస్తాడు" అన్నాను. మోహన్ ఇంకేదో అడగబోయాడు. "మిగతాది వాణ్ణే అడుగు, నంబరిస్తాను" అన్నాను.

ఏప్రిల్ 8
133/85. మధ్యాహ్నం నాలుగుసార్లు ఫోన్ తీసి చూశాను. టైము కోసం.

ఏప్రిల్ 9, బుధవారం
సాయంత్రం భోజనాల దగ్గర ఫోన్ మోగింది. ఉమది కాదు, నాది. తెర మీద వాడి ఫొటో వచ్చింది, ఎనిమిదో తరగతిలోది. ఏడు నెలల్లో ఆ ఫొటో వెలగలేదు. చెయ్యి కడుక్కోకుండానే తీశాను. ఎక్కడున్నావు, తిన్నావా, వ్యాన్ ఎవరు తోలుతున్నారు, రాత్రి ఎక్కడ పడుకుంటారు, ఇంటికెప్పుడు వస్తున్నావు, అన్నీ ఒకేసారి గొంతు దాకా వచ్చాయి. సగం వాటికి జవాబులు కూడా నా దగ్గరే తయారుగా ఉన్నాయి.
అన్నీ మింగేశాను. నేనున్నది ఇంట్లోనే.
"నాని?" అన్నాను.
అని ఊరుకున్నాను.
అవతల వాడు నవ్వాడు. తర్వాత చెప్పడం మొదలుపెట్టాడు. లాండ్రీ ఆవిడ ఊళ్లో నిజంగానే బట్టలుతికే కొట్టులో పనిచేస్తుందట. అట్లాంటాలో హాలు పైకప్పు రేకులదట, శబ్దం గిర్రున తిరిగి వస్తుంటే కర్టెన్లు కట్టించాడట. వచ్చే శనివారం టూర్ అయిపోతుందట. నేను "ఆఁ", "తర్వాత?" తప్ప ఇంకేమీ అనలేదు. నలభై నిమిషాలైంది. అన్నం చల్లారిపోయింది.
ఉమ ఎదురుగా కూర్చుని, ఏమంటున్నాడు, ఏమంటున్నాడు అని చేత్తో సైగ చేస్తూనే ఉంది. నేను చెప్పలేదు. ఫోన్ స్పీకర్‌లో పెట్టి, ఆవిడకీ నాకూ మధ్య టేబుల్ మీద పెట్టాను.